వంతెన మీద ఇనుపకాలు

సైకిల్ షాపు వెనక గదిలో ఆదివారాలు పాచికలు వేస్తూ తలో వీరుణ్ణి నడిపే ఆట ఆడే జట్టు ఒకటుంది. అందులో ఒకడు బైకు ప్రమాదంలో పోయాడు. అతని కుర్చీలో ఇంకెవరూ కూర్చోవడం లేదు. అతను నడిపిన వీరుడు ఇనుపకాలు మాత్రం చిన్న బొమ్మగా అట్టముక్క వంతెన మీద, రాక్షసుడికి ఎదురుగా, ఆగిపోయిన చోటే నిలబడి ఉన్నాడు.

ఒక వాన మధ్యాహ్నం అతని చెల్లెలు తడి గొడుగుతో వచ్చి, అడక్కుండానే ఆ కుర్చీలో కూర్చుంది.

“మా అన్నయ్య పోరాటం నేను పూర్తిచేస్తాను. ఇనుపకాలు బతికి బయటపడాలి.”

ఆట నడిపే కుర్రాణ్ణి అందరూ రిఫరీ అంటారు. కళ్ళద్దాల షాపులో పని. రూల్ దగ్గర సొంత తమ్ముణ్ణయినా వదలని మొండిఘటం. అలాంటివాడు ఆమె కళ్ళకింద నలుపు చూసి మెత్తబడిపోయాడు.

“కాలు అడ్డుపెట్టి రాక్షసుణ్ణి పడేస్తాను,” అందామె. “దానికి ‘పూర్తిబలం’ విద్య కూడా కలుపుతున్నాను. పాచిక వేయకముందే చెప్పాలి కదా, చెప్పేశాను. బలం పెరిగినందుకు గురి తగ్గుతుంది, ఫర్వాలేదు.”

జట్టులో ఒకడైన వెల్డరు, ఇది రూల్ కాదన్నట్టు గొంతు సవరించుకున్నాడు. రిఫరీ అతనివైపు చూడలేదు.

“కలుపుకోండి.”

పాచిక దొర్లింది. కలిపిన బలంతో రాక్షసుడు బొక్కబోర్లా పడ్డాడు. వెల్డరు చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

“అన్నయ్యకి ఎప్పుడైనా ఇలా కలిపారా?”

“లేదు.”

“పూర్తిబలం పడ్డవాణ్ణి కొట్టే దెబ్బకే కలుస్తుంది, పడేయడానికి కలవదు. మీరలా తేల్చారని వాడు అన్నం ముందు కూర్చుని మిమ్మల్ని తిట్టని రోజు లేదు. నాకు కంఠతా వచ్చేసింది.”

“తెలిసే అడిగారా?”

“ఇంట్లో జాలి. నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో పన్ను పీకించుకోడానికొచ్చినవాళ్ళది కూడా జాలే. ఇక్కడా అదేనా అని చూశాను.”

రిఫరీ మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“కలిపింది తీసేస్తే రాక్షసుడు పడడు,” అన్నాడు మెల్లగా. “పడకపోతే వాడు తిరిగి మిమ్మల్ని అలాగే పడేయొచ్చు. కింద లోయ. తీసేయనా?”

ఆమె ఇనుపకాలు బొమ్మవైపు చూసింది.

“తీసేయండి.”

రాక్షసుడి పాచికను అతను అందరి ఎదుటా వేశాడు. పెద్ద అంకె పడింది; ఇనుపకాలు లోయలోకి పడిపోయాడు.

ఆ బొమ్మను ఆమే తీసి, వంతెన పక్కన పడుకోబెట్టింది. అన్నయ్యను సాగనంపిన రోజు కూడా ఏడవని పిల్ల, బల్ల మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా రిఫరీ వెంట వచ్చాడు. వాన తగ్గలేదు.

“వచ్చే ఆదివారం నాకో కొత్త పాత్ర కావాలి,” అంది. “మళ్ళీ జాలిపడనంటేనే.”

“జాలి ఆ పాచికతోనే పోయింది. ఇప్పుడున్నది వేరే.” అతను ఆమెవైపు తిరిగాడు. “మీ జవాబు తెలియకముందే చెబుతున్నా. మీరంటే నాకిష్టం.”

“ముందే చెబితే గురి తగ్గుతుంది. తెలుసుగా?”

“తెలుసు.”

ఆమె ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుని, గొడుగు తెరిచి, సగం అతనివైపు వంచింది.

“బస్టాపు దాకా రండి. అన్నయ్య తిట్లన్నీ మీకు అప్పజెప్పాలి.”