నంగై మొక్క ముందు నమెలె ఆకు

బంతి దొర్లుకుంటూ వెళ్లి బడి వెనక మొక్కల దగ్గర ఆగింది. దాని వెంట పరుగెత్తుకొచ్చిన కల్తక్ ఠక్కున నిలబడిపోయాడు.

"ఒరేయ్, నమెలె ఆకురా!" అని అరిచాడు.

పిల్లలంతా వచ్చారు. ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు. నంగై మొక్క ముందు ఈతమట్టలాంటి పొడవాటి నమెలె ఆకు నేలలో గుచ్చి ఉంది. ఆ ఆకు ఉన్నచోట ఎవరూ కాలు పెట్టకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. దాన్ని పాతే హక్కు పిల్లలు పెద్దతాత అని పిలిచే ఊరిపెద్ద ఒక్కడికే ఉంది.

"పెద్దతాత ఎప్పుడు పెట్టాడో!"

"ఎప్పుడైతేనేం, మన బంతి పోయినట్టే," అన్నాడు కల్తక్.

గోడ పక్కన నిలబడ్డ లెయ్‌మారా మరింత వెనక్కి జరిగింది. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ ఆకు గుచ్చింది తనే మరి.

లెయ్‌మారా వాళ్ల నాన్న నర్సు. ఈ ఊరి ఆసుపత్రికి బదిలీ అయితే, తొంగోవా దీవి నుంచి కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఇక్కడ క్లాసులో అందరికీ అన్నలో, చెల్లెళ్లో, బావలో ఉన్నారు. లెయ్‌మారాకే ఎవరూ లేరు. మధ్యాహ్నం ఉడికించిన పెండలం ఒక్కతే తినేది.

వనువాటు దేశపు స్వాతంత్ర్య దినం పండుగకి ఊరి సభ ఇంటి ముందు ఒక చెట్టు నాటాలనుకున్నారు. పిల్లలు తెచ్చిన మొక్కల్లోంచి ఊరంతా కలిసి ఒకటి ఎంచుకుంటుంది. లెయ్‌మారా బాదంలాంటి పప్పు కాసే నంగై మొక్క తెచ్చింది. అది వాళ్ల నానమ్మ పెరట్లోని గింజ నుంచి మొలిచింది. ఈ ఊళ్లో తనది అని చెప్పుకోవడానికి ఆమెకు అదొక్కటే ఉంది.

"ఇది కాయలు కాసేసరికి మన పళ్లన్నీ ఊడిపోతాయి. ఇంక పప్పు ఏం నములుతాం?" అన్నాడు కల్తక్. అందరూ నవ్వారు. లెయ్‌మారా కూడా నవ్వింది. ఇంటికెళ్లి ఏడ్చింది. నా మొక్క జోలికి ఎవరూ రాకూడదు అనుకుని, మర్నాడు పొద్దున్నే ఆకు గుచ్చింది.

ఎవరూ రాలేదు. వంతులవారీగా అన్ని మొక్కలకూ నీళ్లు పోసే పిల్లలు దీన్ని వదిలేశారు. తను వెళ్లి పోద్దామా అంటే గుట్టు బయటపడుతుంది. పిల్లలు ఆట సముద్రం ఒడ్డుకి మార్చుకున్నారు. ఇదివరకు ఆటలో చేర్చుకోకపోయినా వాళ్ల అరుపులైనా వినబడేవి. ఇప్పుడు అవీ లేవు. నంగై ఆకులు వేలాడిపోతున్నాయి.

ఒక రోజు భోజనాల దగ్గర అడిగింది. "నాన్నా, పెద్దతాత కాకుండా వేరేవాళ్లు నమెలె ఆకు పెడితే?"

నాన్న తినడం ఆపేశాడు. కూతురి ముఖం చూసి విషయం గ్రహించాడు. "పెద్దతాత దగ్గరికి నేను కూడా రానా?"

"వద్దు. నేనే చెప్తా."

మర్నాడు పెద్దతాత అంతా విన్నాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"ఎవరూ రాకూడదనే కదా పెట్టావు. వచ్చారా?"

"రాలేదు తాతా."

"మరి హాయిగా ఉందా?"

లెయ్‌మారా లేదన్నట్టు తల ఊపింది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

పెద్దతాత ఆమెను బడికి తీసుకెళ్లి, అందరి ముందూ తప్పు ఒప్పుకోమన్నాడు. ఆకు తనే పీకేశాడు. "పెద్దవాళ్లైతే ఈ తప్పుకి జరిమానాగా పందిని ఇచ్చుకోవాలి. నువ్వు చిన్నదానివి. ఊరు ఎంచుకునే మొక్కకి కంచె కట్టు," అన్నాడు.

"ఇన్నాళ్లూ మా బంతి ఆపేసింది ఈవిడగారా!" అని గొణిగాడు కల్తక్.

ఊరు కల్తక్ తెచ్చిన సీమపనసను ఎంచుకుంది. వాడిపోయిన నంగైని చూసి ఒక పిన్ని, "అయ్యో, ఇది బతుకుతుందా?" అంది. లెయ్‌మారా దాన్ని గుండెకు హత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

పండుగనాడు మొక్క నాటారు. పాటలు పాడారు, పెండలం తురిమి ఆకుల్లో ఉడికించిన లాప్లాప్ తిన్నారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. లెయ్‌మారా ఒక్కతే మిగిలింది. కర్రలు పాతి, తీగలతో బిగించి కట్టింది. మూడు వైపులా అయింది. నాలుగో వైపు కట్టబోతూ ఆగిపోయింది. చివరికి అక్కడ కర్రను కట్టేయకుండా, పైకి ఎత్తేలా అమర్చింది.

"ఏయ్, అక్కడ కట్టలేదేం? పందులొస్తాయి!" దూరం నుంచి అరిచాడు కల్తక్.

"పందులకి కర్ర ఎత్తడం రాదు. మనుషులకి వచ్చు."

కల్తక్ దగ్గరికొచ్చి చూశాడు.

"నీ మొక్కే కదా. నీళ్లు పోస్తావా?" అని అడిగింది లెయ్‌మారా. ఈ ఊరికి వచ్చాక ఒకరిని రమ్మని తనంతట తాను అడగడం అదే మొదలు.

కల్తక్ ఊళ్లోకి పరుగెత్తాడు. బకెట్ కోసమో, ఆట కోసమో ఆమెకి తెలియలేదు. అయినా లెయ్‌మారా కర్ర ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడింది.