ఖాళీ కుర్చీలకు చెప్పిన కథ

కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో మధ్యాహ్నం నాలుగింటికే నూటయాభై కుర్చీలు వేసి ఉన్నాయి. ఆరింటికి జనం వస్తారు. సృజన నడిపే నవ్వుల పాడ్‌కాస్ట్ కోసం. జనం ఎదుటే రికార్డు చేస్తారు, వాళ్ళ నవ్వులు కూడా వినపడాలని. అందులో కథలు చెప్పేది ఆమె అమ్మమ్మ, డెబ్బై మూడేళ్ళ బుచ్చవ్వ.

పోయిన నెల ఆమె కథ మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, మాట రాలేదు. సృజన ఏదో జోకు వేసి కప్పేసింది. ఇవాళ కూడా అట్లాగే అయితే ఇక వేదిక ఎక్కే పని లేదని బుచ్చవ్వకు తెలుసు. వేదిక పోతే పోనీ. మతిలో ఉన్నవి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి, అదీ భయం.

"అమ్మమ్మా, మైకు చూసుకోవాలె. ఏదన్న ఒకటి చెప్పు." పైన అద్దాల గదిలోంచి సృజన గొంతు స్పీకర్లో వినపడింది.

"ఊ కొట్టెటోళ్ళు లేకుంట కథ మొదలువెట్టొద్దు బిడ్డా. మా అవ్వ తిట్టేది."

"మీ అవ్వ ఇప్పుడు రాదు గని, జర చెప్పు!"

చప్పుడు పడుతుందని ఫ్యాన్లు బందు చేశారు. పరదాలు దించారు. మూడో వరుస దాకా కుర్చీలు కనపడుతున్నాయి. ఆ వెనకంతా చీకటి.

బుచ్చవ్వ అందరికీ ఇష్టమైన పాతర కథ ఎత్తుకుంది. చుట్టాల కోసం చేసిన గారెలు తినేసి, తన్నులకు భయపడి, జొన్నలు దాచే గోతిలో దాక్కున్న చిన్ననాటి కథ.

"మూత జరిపి లోపలికి దిగిన..."

"ఊఁ."

కుర్చీలు సర్దే సదానందం అనుకుంది. ప్రాణం హాయిగా ఉంది. ఊ కొట్టే మనిషి ఉంటే కథ దానంతటదే నడుస్తుంది.

"మామ వంగి అడిగిండు, లోపల ఎవలున్నరని. నేనన్న..."

ఏమన్నది? నవ్వంతా ఆ మాటలోనే ఉంది. వెయ్యిసార్లు చెప్పిన మాట. లేదు... ఎక్కడా లేదు...

"ఎవ్వల్లేరు మామా." చీకట్లోంచి సన్నటి గొంతు. చిన్నపిల్లది.

"ఆఁ! ఎవ్వల్లేరు మామా అన్న! అందరు ఒక్కటే నవ్వుడు. నన్ను పైకి గుంజిండ్రు."

"గుంజలేదు." అదే సన్నటి గొంతు.

ముక్కిన జొన్నల వాసన గుప్పుమంది. వెనక ఒక కుర్చీ కిర్రుమంది.

"సదానందం...?"

"ఆగినవేంది అమ్మమ్మా? మంచిగొస్తుంది."

"ఊ కొడుతున్నది ఎవలే?"

"నాకు నీ గొంతొక్కటే వినవడుతుంది. సదానందం చాయ్‌కు పోయి గంటాయె. హాల్ల ఎవ్వల్లేరు."

బుచ్చవ్వ బయటికొచ్చి, ఖానాపూర్‌లో ఉన్న అన్న ముత్తయ్యకు ఫోను చేసింది. ఎనభై దాటినా ఆయన ఏదీ మరవడు.

"అన్నా... మనింటెనుక పాతరలకెల్లి నన్ను గుంజింది ఎవలే?"



"నిన్నా? గా పాతర నువ్వు పుట్టకముందే పూడ్చిరి గదనే. మనక్క పోశక్క తప్పిపోయిన నాడే. పిల్లలు పడుతరని మామనే దగ్గరుండి పూడ్పిచ్చిండు." గొంతు తగ్గించాడు. "అక్క యాడికి పోయిందో ఇప్పటికీ తెల్వదు. అవ్వ బిడ్డ కోసం ఏడాదంత ఏడ్చింది. గా ఏడాది తిరిగెటాళ్ళకు నువ్వు పుడితివి."

ఆరింటికి హాలు నిండింది. సృజన ఆమె చెయ్యి పట్టుకుని వేదిక మీద కూర్చోబెట్టింది.

"మర్చిపోతే నా దిక్కు చూడు," అని చెవిలో గుసగుసలాడింది. "ఫికర్ చెయ్యకు."

వేరే కథ చెబుదామనుకుంది బుచ్చవ్వ. నోరు వినలేదు. పాతర కథే ఎత్తుకుంది. నూటయాభై గొంతులు ఊ కొట్టాయి. ఒక్క మాట తప్పిపోలేదు. మామ అడిగింది... తాను అన్నది... జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. సృజన కళ్ళు తుడుచుకుంటోంది.

బుచ్చవ్వకు అన్నీ గుర్తొస్తున్నాయి. నవ్వు బయటికి రాకుండా నోటికి అడ్డం పెట్టుకున్న చిన్న చెయ్యి. పైన గుండ్రంగా ఇంత ఆకాశం. ఎవరో "కానియ్యుండ్రి" అనడం. ఆ తర్వాత మొదటి తట్ట మట్టి... ఎండకు కాగినది... వెచ్చగా, నెత్తి మీద.