మూడో గదిలో వాన

“ఆరు నెలలు కేబుళ్లు చుట్టు. ఆ తర్వాత కన్సోల్ ముందు కుర్చీ నీదే.”

మా స్టూడియోలో మేనేజరుగారు ఈ మాట ఒక ఆడమనిషితో అని తొమ్మిదేళ్లయింది. ఆవిడ ఇంకా మైకుల కేబుళ్లు చుడుతూనే ఉంది. అసలు పేరు పక్కన పెట్టి అందరూ కేబులక్క అంటారు. పాడటానికి ఆడవాళ్లు కావాలి. ఆ పాటను సరిచేసే మీటల బల్ల, అదే కన్సోల్, దాని ముందు మాత్రం మగాళ్లే కూర్చోవాలి. ఎక్కడా రాయని చట్టం. ఆకాశంలో సగమట. ఇక్కడ కుర్చీలో పావు వంతు కూడా లేదు.

సరే, దెయ్యం సంగతి.

మా మూడో గదికి చెడ్డపేరు. రాత్రి పది దాటితే అటు ఎవరూ వెళ్లరు. తలుపు వేసే ఉంటుంది... లోపల ఆడగొంతు గుసగుసలాడుతుంది. ఎప్పుడో ఒక గాయని పాట మధ్యలో కుప్పకూలి చనిపోయిందనీ, ఆ పాట పూర్తి చేసుకోవడానికి తిరుగుతోందనీ మాస్టారు చెప్పేవారు. మాస్టారంటే మా పెద్ద సౌండ్ ఇంజినీరు. చిత్రమేమిటంటే, సాయంత్రం ఆయన గరగరలతో వదిలేసి వెళ్లిన పని పొద్దుటికి కడిగిన ముత్యంలా ఉండేది. “దయగల దెయ్యం లెండి,” అనేవారు. ఆయన జోలికి అది ఎప్పుడూ రాలేదు.

మేనేజరుగారి జోలికి వచ్చింది. ఆయనే టీ తాగుతూ నాకు చెప్పారు.

ఆ రాత్రి ఇంటి తాళాలు మర్చిపోయి వెనక్కి వచ్చారట. వరండాలో దీపం లేదు. మూడో గది తలుపు సందులోంచి వాన చప్పుడు... బయట చూస్తే చుక్కలు.

తలుపు తోశారు.

చీకట్లో కన్సోల్ మీద ఎర్ర దీపాలు. కుర్చీ ఖాళీ. మీటలు — వాటంతట అవే పైకి జరిగాయి. ఆగాయి. మెల్లగా దిగాయి. ఒక్కో మీటకీ ఒక్కో వాన: రేకు మీద, ఆకు మీద, నీళ్ల మీద...

వెనక గోడ దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు.

“రేకు మీద వాన... ఎక్కువైంది.”

మేనేజరుగారి పైప్రాణాలు పైనే పోయాయి.

“ఎవ... ఎవరమ్మా నువ్వు? నీకేం కావాలి?”

“కుర్చీ, సార్.”

దెయ్యాలు సార్ అనవు. ఆయన తడుముకుని లైటు వేశారు. గోడకు ఆనుకుని, నేల మీద, కేబులక్క. మీటలను మనం ఒకసారి ఎలా కదిపామో గుర్తు పెట్టుకుని, ఆ కన్సోల్ మళ్లీ అలాగే కదుపుతుంది. తను చేసిన పనిని, వినేవాళ్లు కూర్చునే చోటి నుంచి వింటోంది.

“అమ్మయ్య, నువ్వా తల్లీ. దెయ్యమనుకుని చచ్చాను.”

“మాస్టారికి తెలుసు సార్. ఐదేళ్లుగా రాత్రిళ్లు ఆయన పని సరిచేసేది నేనే. గాయని కథ ఆయన అల్లిందే.”

మేనేజరుగారికి భయం పోయింది. కోపం వచ్చింది.

“అసలు నిన్నెవరు ముట్టుకోమన్నారు?”

చూశారా. ఐదేళ్లు దెయ్యం ముట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మర్నాటి నుంచి మూడో గదికి రాత్రిళ్లు తాళం. కారణం — ఆడవాళ్ల భద్రత.

ఆ వానలు రెండేళ్లు ఊరంతా తడుస్తూ తిరిగి ఆవిడ రికార్డు చేసుకొచ్చినవి. వచ్చే నెల ఊళ్లోని ఒక ప్రదర్శనశాలలో వాటిని జనానికి వినిపిస్తారు. ఆ పని ఎవరిదో చెబుతూ గుమ్మం పక్కన పెట్టే పేరు పలక రాసేది నేను. మేనేజరుగారు నాకు పంపిన చీటీలో మాస్టారి పేరుంది.

ఏం చేయమంటావని అక్కను అడిగాను.

“నువ్వు రాయకపోతే ఇంకొకడు రాస్తాడు తమ్ముడూ,” అంది. చుడుతున్న కేబుల్ కింద పెట్టి... “ఇదీ ఆయన పేరు మీదే పోతే, నేనిక ఈ పనిలో ఉండను.”

మేనేజరుగారూ, మీరు నవ్వుతూ చెప్పిన కథ నేను నవ్వకుండా రాసి నోటీసు బోర్డుకు అంటించాను. పలక ఖాళీగా నా బల్ల మీద ఉంది. ఆ వానలు ఎవరివో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపండి — మార్చి పది, సాయంత్రం ఐదులోగా.