పెదబాబు గారి పేరు లేని శుభలేఖ

కామేశ్వరి మెట్లెక్కి వచ్చినప్పటి నుంచీ కుర్చీలో కూర్చోలేదు. చేతిలోని శుభలేఖ నలిగిపోతోంది. అమలాపురంలో ప్రైవేటు డిటెక్టివ్ నారాయణమూర్తి దగ్గరికి జనం పెళ్లికొడుకుల గుణగణాలు వాకబు చేయించడానికి వస్తారు గానీ, శుభలేఖ మీదే కేసు రావడం అదే మొదలు.

"రేపు సాయంత్రానికి షాపు ఖాళీ చేసెయ్యమన్నారండీ," అందామె.

కొత్తపేటలో ఆమెది డీటీపీ సెంటరు. గది సుబ్రహ్మణ్యేశ్వరరావుది. ఆయన కూతురు రమ్యశ్రీ పెళ్లి శుభలేఖ ఆమే కంపోజ్ చేసింది. అచ్చయి వచ్చిన కార్డుల్లో 'ఆహ్వానించువారు' కింద మొదట ఉండాల్సిన పేరు, ఆయన అన్నగారు పెదబాబు పేరు లేదు. మా వైపు పప్పులో ఉప్పు తగ్గినా సర్దుకుంటారు గానీ, శుభలేఖలో ఇంటి పెద్ద పేరు లేకపోతే సర్దుకోరు. పెదబాబు పెళ్లికి రానని భీష్మించాడు. తప్పు కామేశ్వరి నెత్తిన పడింది.

ప్రూఫు కాగితం మీద ఆ పేరుంది, అన్నదమ్ములిద్దరి సంతకాలూ ఉన్నాయి. మరి ప్రెస్సుకి ఏం పంపారని నారాయణమూర్తి అడిగాడు.

"పీడీఎఫ్ చేసి సీడీలో ఇచ్చేనండీ. కంపోజ్ చేసిన పేజ్‌మేకర్ ఫైలే ఇస్తే, అక్కడ మన ఫాంట్లు లేకపోతే తెలుగంతా పిచ్చిగీతలైపోద్దండి. ఎవరైనా వేలు పెట్టొచ్చు కూడా. పీడీఎఫ్ అయితే ఉన్నది ఉన్నట్టు అచ్చవుద్దండి."

ప్రెస్సువాళ్ల పనే అయి ఉంటుందని అసిస్టెంటు దుర్గ తేల్చేసింది. నారాయణమూర్తి కార్డు ఆమె ముందుకి తోశాడు.

"పేరు పోయిన చోట ఖాళీ ఏదీ, దుర్గా?"

ఖాళీ లేదు. కింది పేర్లు పొందిగ్గా పైకి జరిగి ఉన్నాయి.

ప్రెస్సు యజమాని కృష్ణమూర్తి సీడీ పెట్టి చూపించాడు. అందులోనూ ఆ పేరు లేదు. తమ దగ్గర తెలుగు ఫాంట్లే లేవనీ, కార్డులు కవర్లలో పెట్టి, వినాయకుడి స్టిక్కరు అంటించి, కట్టలు కట్టి ఇచ్చామనీ చెప్పాడు. దుర్గకి అనుమానం మారింది. పాపం, కామేశ్వరే మరిచిపోయిందేమో.

సుబ్రహ్మణ్యేశ్వరరావు చిరచిరలాడుతూ చెప్పాడు. మొదటి కవరు దేవుడి దగ్గర పెట్టి అన్నగారికి ఇచ్చాకే కట్టలు విప్పడం వాళ్లింటి ఆనవాయితీ. ఆ కవరు అందిస్తుండగానే తన పేరు లేదని ఆయన మండిపడ్డాడట. ఆ తర్వాతే కట్ట విప్పి చూసి, ఒక కార్డు కామేశ్వరి మొహాన కొట్టాడట ఈయన.

పెదబాబు వీధరుగు మీద కొబ్బరి రైతుల పత్రిక ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. ఆ పత్రిక ఆయనే నడుపుతాడు. పక్కన బల్ల మీద శుభలేఖ కవరుంది, స్టిక్కరు చెక్కుచెదరలేదు.

"నా పేరు లేని కార్డు ముట్టుకుంటానేంటండీ?" అన్నాడు.

మర్నాడు రమ్యశ్రీతో సహా అందరినీ కామేశ్వరి షాపులో కూర్చోబెట్టాడు నారాయణమూర్తి.

"పీడీఎఫ్‌లో పేరు చెరిపితే ఆ చోటు ఖాళీగా మిగులుద్ది. ఇక్కడ కింది వరసలు పైకొచ్చేయి. అంటే పీడీఎఫ్ కాకముందే, ఈ కంప్యూటర్లోనే తీసేరు. కామేశ్వరి గారూ, ప్రూఫు మీద సంతకాలయ్యాక ఇక్కడెవరున్నారు?"

"పెదబాబు గారేనండీ. పత్రికలో తప్పులు ఈ కంప్యూటర్లో ఆయనే కూర్చుని దిద్దుకుంటారు. నేను లోపల టీ పెడుతున్నాను. వచ్చి పీడీఎఫ్ చేసేసేను. ప్రూఫు చదివేం కదా అని మళ్లీ చూళ్లేదు."

నారాయణమూర్తి పెదబాబు వైపు తిరిగాడు. "మీరు మండిపడేటప్పటికి కట్టలింకా విప్పలేదు. మీ కవరు మీద స్టిక్కరు ఇప్పటికీ ఊడలేదు. లోపల మీ పేరు లేదని మీకెలా తెలిసిందండీ?"



"రమ్యని నేనూ మా ఆవిడ అన్నపూర్ణా పెంచేమండీ," అన్నాడు పెదబాబు. "కన్యాదానానికి దంపతులే కూర్చోవాలంట. ఆవిడ లేదు కదా, నాకు పక్కన కుర్చీ వేస్తామన్నారు. ఆ కుర్చీలో కూర్చునే కన్నా అలిగి ఇంట్లో ఉండటమే నయమనిపించింది. ఈ పిల్ల షాపు మీదకొస్తదనుకోలేదు. తప్పయిపోయిందమ్మా, కామేశ్వరీ."

సుబ్రహ్మణ్యేశ్వరరావు తల దించుకున్నాడు. షాపు ఖాళీ చెయ్యక్కర్లేదని గొణిగాడు. రమ్యశ్రీ మాత్రం లేచి కామేశ్వరి పక్కన నిలబడింది.

"పెదనాన్న పేరు మళ్లీ పెట్టక్కా. అన్నిటికన్నా పైన 'కీర్తిశేషులు అన్నపూర్ణ గారి ఆశీస్సులతో' అని వెయ్యి."

కామేశ్వరి కొత్త పీడీఎఫ్ చేసి, ఈసారి మానిటరు పెదబాబు వైపు తిప్పి, పైకి చదవమంది. ఆయన మొదలుపెట్టి, మొదటి వరసలోనే ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా, పంపించెయ్యి," అన్నాడు. తర్వాత తమ్ముడికేసి చూశాడు. "ఆ కుర్చీ కాస్త పీటలకి దగ్గరగా వేయించరా."