పన్నెండడుగుల దావ

ఉదయం ఎనిమిది కాకముందే సామ్యేలు సారు భోజనాల బల్ల మీద ప్లాన్ కాగితం పరిచి, ఎగిరిపోకుండా ఉప్మా గిన్నె బరువు పెట్టాడు. నంద్యాల మెయిన్ రోడ్డు పక్కన ఆయన స్థలంలో లేవబోయే ఎనిమిదంతస్తుల ఆఫీసు టవర్ అది. గీసింది కూతురు పరంజ్యోతి. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కలు దిద్దిన మనిషికి ఎర్ర పెన్ను ఊరుకోనిస్తుందా? కింది అంతస్తు మధ్యలో పెద్ద ఇంటూ కొట్టాడు.

“ఏంది పాపా ఇది? కాంపౌండు లేదు, గేటు లేదు. నట్టనడుమ పన్నెండడుగుల దావ! పోయేటోళ్లంతా కూచోనీకి అరుగులు వేరే!”

“వాళ్ల కోసమే నాయనా. ఎనక సందులో వాళ్లు ఎప్పట్నుంచో మన స్థలం మీదనే నడిచి రోడ్డెక్కేవాళ్లు. పోయినేడు నువ్వు అడ్డంగా రేకులు కొట్టిస్తివి. టవర్ కింద నీడలో నడిచిపోతే మనకేం పోతాది?”

“రెండు షాపులు పోతాయి! సరే, నాలుగడుగులు ఇడుస్తా. మనిషి పోనీకి అంతకంటే ఏం కావాల?”

“పన్నెండుకు ఒక్కడుగు తగ్గినా ఈ ప్లాన్ మీద నా సంతకం ఉండదు. ఇంకొకర్ని చూసుకో.”

“కన్నోని మాటకు ఇలువ లేదా?” సామ్యేలు బల్ల మీద గట్టిగా చరిచాడు. పరంజ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట మార్చలేదు.

అంతవరకూ వంటింటి గడపలో నిలబడి వింటున్న తల్లి హన్నమ్మ ముందుకొచ్చింది.

“దాన్ని అనాకు. ఆ పన్నెండు చెప్పింది నేను.”

“నీకేం తెలుసు?”

“పోయిన వానల్లో ఎనక సందు శాంతమ్మ పోయినప్పుడు నువ్వు ఈడ లేవు. టవరుకు పేరు రాయి చెక్కిచ్చాలని ఆళ్లగడ్డకు పోయినావ్. మన స్థలం మూసినందుకు ఆమె శవప్పెట్టెను ఇరుకు సందులో తీసుకపోయిరి. మోసేటోళ్లకే పట్టలే. పెండ్లాం పోతే మొగుడు పెట్టె మీద చెయ్యేసి పక్కనే నడుస్తాడు గదా మనోళ్లల్లో. జోసెఫన్నను ఎనక్కి నెట్టిరి. నలభై ఏండ్లు కాపరం చేసినోడు, జనం ఎనకాల ఒక్కడే వచ్చె.” హన్నమ్మ ప్లాన్‌లో ఆ దావ మీద వేలు పెట్టింది. “పెట్టెకూ మోసేటోళ్లకూ ఆరడుగులు. ఈ పక్క మూడు, ఆ పక్క మూడు. అందుకే పన్నెండు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే రేకులు తీసేటోనివా?”

ఊరంతా సారూ అని పిలిచే మనిషికి భార్య ముందు తలెత్తాలంటే సిగ్గేసింది. కటింగ్ ప్లేయర్ తీసుకుని స్థలం దగ్గరికి నడిచాడు. రెండు రేకులు ఊడదీసి, ఆ ఖాళీలోంచి వెనక సందులోని జోసెఫ్ ఇంటి ముందుకు పోయి నిలబడ్డాడు. గడపలో కూర్చున్న జోసెఫ్ కంగారుగా లేచాడు.

“అన్నా, ఆ పొద్దు నా రేకుల వల్ల…”

“ఊరుకో సారూ. నువ్వు ఊళ్లో లేవంట గదా.” జోసెఫ్ తల వంచుకున్నాడు. “ఆమెను ఒంటిగా పంపిస్తినే అని, అదొక్కటే పోతాలేదు మనసులో నుంచి.”

సామ్యేలు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. వెనకే వచ్చిన పరంజ్యోతి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

“పాపా,” అన్నాడాయన కళ్లు తుడుచుకోకుండానే, “నీ ప్లాన్ మీద నా సంతకం యాడ పెట్టాల్నో చూపీ.”