గ్రాఫు వెనక నలుపు

కొవ్వూరులో మా ఇంటి ముందు గదే నా డీటీపీ సెంటరు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. 2004 నవంబరులో ఒక శనివారం, పొద్దుట్నుంచీ ముసురు. సాయంత్రం మా అమ్మాయి తబిత రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను. ఎమ్మెస్సీ జియాలజీ, ఆఖరి ఏడాది. గోదావరి లోతు కొలవడం దాని ప్రాజెక్టు. పడవ నడిపే అప్పాజీతో నది మీదకి వెళ్ళి, సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, అంచు మీంచి వంగి చూస్తూ కొలుస్తుంది. ఒక్కో చోటుకి ఒక్కో గ్రాఫు. ఇంకొక్క చోటు మిగిలింది. రేపు చర్చి మానేసి వెళ్తానంటోంది.

వస్తూనే తడి తాడుని తన నవారు మంచం కిందకి తోసింది. ఇల్లంతా ఒండ్రు వాసన.

“బయట పెట్టొచ్చుగా?”

“ఎవరైనా ఎత్తుకుపోతే అప్పాజీ గుండుకి బదులు నన్ను కట్టి ముంచుతాడు.”

నవ్వే ఓపిక లేదు నాకు. ప్రోగ్రాంలో గ్రాఫు తెల్లగా ఉంది. బొమ్మగా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం వెనకంతా నలుపు. గీతలు, అంకెలు అందులో మునిగిపోయాయి. ఇది నాకు కొత్త కాదు. వెనక ఏ రంగూ పెట్టకుండా సేవ్ చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఖాళీని నల్లగా నింపేస్తాయి. తెలుపు పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాను. నలుపే. ఫార్మాట్ మార్చాను. నలుపే. నడుం పట్టేసింది.

“నీ కంప్యూటరు ముసలిదైపోయిందమ్మా,” అంది తబిత, తల తుడుచుకుంటూ.

ఫొటోషాప్‌లో తెరిచి ఆ నలుపు మీద క్లిక్ చేశాను, రంగు అంకెలు చూద్దామని. ఉత్త నలుపైతే అన్నీ సున్నాలే రావాలి. రాలేదు. ఒక్కోచోట ఒక్కో అంకె. అంటే అందులో ఏదో ఉంది.

వెలుతురు పెంచాను.

మట్టి రంగు నీళ్ళు. పైన పడవ అంచు. అంచు మీంచి వంగి, ఇటే చూస్తున్న ముఖం...

తబిత.

నీళ్ళ అడుగు నుంచి తీసినట్టుంది.

మిగతా గ్రాఫులూ అలాగే తెరిచాను. మొదటిదాంట్లో ముఖం గోరంత. ఆ తర్వాతదాంట్లో ఇంకాస్త పెద్దది. కొలిచినకొద్దీ దగ్గరకొచ్చింది. నిన్నటిదాంట్లో ముక్కుపుడక కనిపిస్తోంది.

“ఇవి ఎవరు తీశారే?”

చూసింది. మొహం పాలిపోయింది. “పడవలో నేనూ అప్పాజీయే అమ్మా...” అంది, గుసగుసగా.

“రేపు వెళ్ళొద్దు.”

“ఆఖరి చోటు లేకపోతే గైడు సార్ సంతకం పెట్టరు. సోమవారం ఇవ్వకపోతే ఏడాది పోతుంది.”

“పక్క చోట్ల లోతు చూసి ఉజ్జాయింపుగా వేసేయ్.”

“సండే స్కూల్లో పాఠాలు చెప్పేదానివి. నువ్వేనా ఈ మాట అనేది?”

“నేనే. వేసేయ్.”

వేసింది. లోపలికెళ్ళి పడుకుంది. మంచం కిర్రుమంది.

ఆ ఆఖరి గ్రాఫు ఎక్స్‌పోర్ట్ చేశాను. తెల్లగా వచ్చింది. పాలలా. ప్రభువా, అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ప్రింటుకి ఇవ్వబోతూ, అలవాటుకొద్దీ ఆ తెలుపు మీద క్లిక్ చేశాను. ఉత్త తెలుపైతే ఎక్కడ నొక్కినా ఒకటే అంకె రావాలి.

రాలేదు.

ఈసారి వెలుతురు తగ్గించాను. అడ్డంగా పట్టీలు... నిలువుగా పట్టీలు... అల్లిక. మధ్యలో కుంగి ఉంది. పైన ఎవరో పడుకున్నట్టు.

నవారు. కింద నుంచి చూస్తే.

ఒండ్రు వాసన గుప్పుమంది.

లోపల్నుంచి తబిత గొంతు, నిద్రమత్తుగా.

“అమ్మా... మంచం కింద ఏం వెతుకుతున్నావు?”

దాన్ని ఎలా లాక్కొచ్చానో గుర్తులేదు. తెల్లారేదాకా వీధి అరుగు మీదే, వానజల్లులో కూర్చున్నాం. సోమవారం రిపోర్టు ఇచ్చేసింది. పాసైంది. ఇప్పుడు నా పక్కనే పడుకుంటుంది.

ఆ గదికి తాళం వేశాను. తన తాడు ఇమ్మని అప్పాజీ రెండుసార్లు వచ్చాడు. కొత్తది కొనిస్తానన్నాను. పాతది ఇంకా మంచం కిందే ఉంది.

తీయాలంటే వంగి చూడాలి.