సంత్ కిర్జె చర్చి ఉత్తరపు గోడ

పిరెనీ కొండల్లోని మా ఊళ్లో పొద్దుగూకాక సంత్ కిర్జె చర్చి పక్కనుంచి ఎవరూ నడవరు. వెయ్యేళ్ల నాటి రాళ్లు, గుండ్రటి కమాను గుమ్మం, దాని పక్కన "ప్రజల వారసత్వ సంపద" అని ఓ ఇత్తడి పలక. ఆ ప్రజలెవరో తెలుసుకుందామని, పలక కొట్టించినవాళ్లు ఒక్క తలుపు తట్టిన పాపాన పోలేదు.

చర్చి మరమ్మతు పూర్తయ్యాకే అది మొదలైంది. వాన లేని రాత్రుల్లో ఉత్తరపు గోడ వెనక నీళ్లు పడుతున్న చప్పుడు... దానితో పాటు ఆడగొంతులో జోలపాట.

ఎర్మెంగోల్ నోట విన్నదే చెబుతున్నాను. ఆ చర్చి కప్పు బాగుచేసిన మేస్త్రీ అతనే. ఓ రాత్రి బార్ నుంచి బయల్దేరుతుంటే, బార్ నడిపే రోసెన్ ఆటపట్టించింది.

"చుట్టూ తిరిగి పోవయ్యా మేస్త్రీ. నీ పనికి మురిసిపోయి దెయ్యం ముద్దు పెడుతుందేమో!"

"పెట్టనీ. బతికున్నవాళ్లెవరూ పెట్టట్లేదుగా!"

ఆగస్టు నెల. మబ్బుతునక లేదు. వాగు కూడా ఎండిపోయింది. అయినా చర్చి మలుపు తిరగ్గానే —

టప్... టప్...

తర్వాత ధారగా...

ఎర్మెంగోల్ చీకట్లోకి తొంగిచూశాడు. గోడవారన నల్లటి ఆకారం... తల లేదు. వంగి, మెల్లమెల్లగా జరుగుతోంది.

"ఎ... ఎవరది?"

ఆకారం నడుము నిలబెట్టింది. నల్లశాలువా కింద తల కనిపించింది —

"మెల్లగా మాట్లాడరా. పడుకున్నారు."

అతని తల్లి! చేతిలో మొక్కలకు నీళ్లు పోసే డబ్బా.

"అమ్మా... ఈ రాత్రప్పుడు రాళ్లకు నీళ్లేమిటే?"

"రాళ్లకెందుకు పోస్తాను? మీ అన్నకు."

తనకో అన్న పుట్టాడని ఎర్మెంగోల్‌కు తెలిసింది అప్పుడే.

జ్ఞానస్నానం అందకముందే పోయిన పసివాళ్లకు ఆ రోజుల్లో శ్మశానంలో చోటు లేదు. పాపం చేసే వయసే రాని పసిగుడ్డు మీద గేటు మూశారు! అందుకే కన్నతండ్రులు చీకట్లో తెచ్చి చర్చి చూరు కింద పాతిపెట్టేవారు. పవిత్రమైన కప్పు మీంచి జారే వాననీరే వాళ్లకు జ్ఞానస్నానం. వాన కురిసిన ప్రతిసారీ. రాళ్లను కాపాడడానికి వచ్చిన పెద్దలకు ఈ సంగతి తెలియదు.

"చూరంచుకు రాగిరేకు కాలువ బిగించావుగా నాయనా," అందామె. గొంతులో కోపం లేదు. "అప్పట్నుంచి వీళ్లమీద చుక్క పడలేదు."

"గోడ చెమ్మెక్కుతోందని ఆఫీసర్లు వేయించారమ్మా. నువ్వొక్క మాట చెప్తే బిగించేవాణ్నా?"

"ఎవరికీ చెప్పొద్దని మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడురా."

అతను డబ్బా అందుకున్నాడు. సగం నీళ్లున్నాయి.

"రేపే ఆ కాలువ పీకేస్తాను. కేసు పెడితే పెట్టుకోనీ. అన్న ఎక్కడున్నాడో చూపించు... నేను పోస్తాను."

ఆమె గోడను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"బాలింతనని ఆ రాత్రి నన్ను రానివ్వలేదు. ఏ చోటో చెప్పకుండానే మీ నాన్న పోయాడు..."

ఆమె గోడ వెంట చెయ్యి చాపి చూపించింది.

"అందుకే గోడ పొడవునా పోస్తున్నాను."